కంటి రెప్ప లాగి చూసే నర్సమ్మ

మా వైపు బడిపిల్లల ఆరోగ్యం ఏడాదికి ఒక్క రోజు చాలా బాగుంటుంది. ఆ రోజు పొద్దున్నే షామియానా లేస్తుంది. మైకు సెట్టతను హలో హలో అంటూ ఊరినంతా లేపుతాడు. పిల్లలు ఉతికిన బట్టలు వేసుకొచ్చి ఎండలో వరసలుగా కూర్చుంటారు. పెద్దలు వచ్చేది పన్నెండు దాటాకే. అప్పటిదాకా కూర్చోగలిగినవాళ్ళు ఆరోగ్యవంతులు. కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు ఇంట్లో సద్ది తాగకుండా వచ్చినవాళ్ళని మేం తేల్చేస్తాం. ఇట్లాంటి ఆరోగ్య దినోత్సవాలు హెడ్మాస్టరుగా నేను చాలా జరిపించాను. శాలువాలు కప్పించుకున్నాను. ఒక ఏడాది మా బడి ఆరోగ్యంలోనూ, ఊరివాళ్ళ భాగస్వామ్యంలోనూ ముందుందని సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. ఆ ఏడాదే మా బడిలో ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా పాఠాలు విన్నారు.

ఆ సంగతి కనిపెట్టిన మనిషి పోయిన నెల కుప్పంలో చనిపోయింది. ఫోను చేసి చెప్పింది ఆమె చెల్లెలు. "అక్క పోయింది సార్. మీకు తప్పకుండా చెప్పమనింది" అన్నది. చుట్టాన్ని కాను, స్నేహితుణ్ణీ కాను. నాకే ఎందుకు చెప్పమన్నదో అప్పుడు అర్థం కాలేదు.

ఆమెను అందరూ నర్సమ్మ అనేవాళ్ళు. అసలు పేరు లేక కాదు. ఆ పేరు నేను నా చేత్తో ఒకే ఒక్కసారి రాశాను, అది ఆమె మీద పెట్టిన ఫిర్యాదులో. ఇప్పుడు మళ్ళీ రాయడానికి సిగ్గుగా ఉంది. నర్సమ్మ అనే ఉండనిస్తాను.

మాది పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఉన్న హైస్కూలు. నేను మదనపల్లెలో కాపురం ఉండి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. నర్సమ్మ ఆ పక్కనున్న ఆరోగ్య కేంద్రంలో పని చేసేది. పొట్టి మనిషి. నడక మాత్రం పొడుగువాళ్ళ నడక. నెలకొకసారి బరువు తూచే మిషను గోతంలో వేసుకుని చంకన పెట్టుకుని వచ్చేది. పిల్లల్ని తూచే ముందు తాను ఎక్కి నిలబడేది. తన బరువు యాభై రెండు. ముల్లు యాభై రెండు మీద నిలబడకపోతే మిషనుకు జ్వరం వచ్చిందని చెప్పి, దాన్ని తట్టి, తిప్పి, మళ్ళీ ఎక్కేది. నా ఎరుకలో ఆమె బరువు ఎప్పుడూ మారలేదు. మారితే మిషనును మార్చిపారేసేదేమో.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరితో మాట్లాడుతున్నా సరే, మాట మధ్యలో చెయ్యి చాచి, ఎదుటివాళ్ళ కంటి కింది రెప్ప లాగి చూసేది. లోపల ఎర్రగా ఉంటే రక్తం ఉన్నట్టు, పాలిపోయి ఉంటే లేనట్టు. పిల్లలూ పెద్దలూ అని లేదు. బస్సులో టికెట్టు అడిగిన కండక్టరు రెప్ప లాగింది. జీతం బిల్లు ఆపిన గుమాస్తా రెప్ప లాగింది. ఆడిటుకొచ్చిన ఆఫీసరు రెప్ప లాగబోతే ఆయన జడిసి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. నన్ను మొదటిసారి కలిసిన రోజే నా రెప్ప లాగి, "రగతం లేదే సార్ మీకు. మొగం మాత్రం ఎర్రగా పెట్టుకోనుండారు, కోపంతో" అన్నది. స్టాఫు రూములో నవ్వులు వినిపించాయి. అప్పటినుంచి ఆమె వచ్చే రోజు నాకు మండలాఫీసులో పని తగులుతుండేది.

కాఫీ ఇస్తే తాగేది కాదు. రిజిస్టరులో ముందే అంకెలు వేసి ఉంచితే ఒప్పుకునేది కాదు. మా బడుల్లో అదొక సదాచారం. పిల్లల బరువులు ఇంటి దగ్గరే రాసుకుని వచ్చే పుణ్యాత్ములు ఉండేవాళ్ళు. మూడు నెలలకు సరిపడా రాసేసి, పిల్లల్ని వాళ్ళే పెంచేవాళ్ళు. "సూసేది ఒకటీ రాసేది ఒకటీ అయితే నాకు నిద్ర పట్టదు సార్" అనేది నర్సమ్మ. నాకు మాత్రం హాయిగా పట్టేది.

ఇక మా విద్యా కమిటీ సంగతి చెప్పాలి. దాని చైర్మనుకు మదనపల్లెలో టమోటా మండీ ఉండేది. మనిషి మంచివాడే. బడికి ఏం కావాలన్నా ముందు నిలబడేవాడు. కాకపోతే చేసిన మంచి పదిమంది కళ్ళబడాలని ఆశ. ఆయన హయాంలో జరిగిన మొదటి ఆరోగ్య దినోత్సవానికి ఊరంతా కదిలి వచ్చింది. గడ్డపారలు, కొడవళ్ళు పట్టుకుని శ్రమదానం చేసి, బడి వెనకాల ఉన్న కంపచెట్లన్నీ నరికేశారు. దోమలు పోతాయి, పాములు పోతాయి అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఫోటో పేపర్లో పడింది. మరుసటి ఏడు అదే ఉత్సాహంతో చుట్టూ ప్రహరీగోడ కట్టారు. మళ్ళీ చప్పట్లు, మళ్ళీ ఫోటో.

ఆ కంపచెట్లే అన్నాళ్ళూ ఆడపిల్లలకు చాటు అని మాలో ఒక్కరికీ తోచలేదు. మగపిల్లలకు ఏ గోడైనా గోడే. ఇద్దరు టీచరమ్మలు ఎదురింటివాళ్ళతో స్నేహం చేసుకున్నారు. ఆడపిల్లలు నూటికి పైగా ఉండేవాళ్ళు. అంతమందితో స్నేహం చేసే ఇల్లు మా ఊళ్ళో లేదు. పరిశుభ్రత పేరుతో వాళ్ళ చాటు నరికి, ప్రగతి పేరుతో దారి మూసి, మేం శాలువాలు కప్పుకున్నాం.

కొన్నాళ్ళకు టీచరమ్మలు మొహమాటపడుతూ చెబితే కమిటీ నాలుక కరుచుకుంది. చైర్మను తన సొంత సిమెంటు ఇచ్చాడు. ఊరివాళ్ళు రాళ్ళు తోలారు. ఆడపిల్లలకు మూడు గదుల మరుగుదొడ్డి నెల తిరక్కుండా లేచింది. పక్కనే నీళ్ళ తొట్టి కట్టి, లోపలికి కుళాయి కూడా పెట్టారు. గోడలకు లేత ఆకుపచ్చ సున్నం వేశారు. అంత అందమైన కట్టడం మా బడిలో ఇంకొకటి లేదు, నా గదితో సహా. దాని గోడకు పొదగడానికి కుప్పం నుంచి నల్లరాయి తెప్పించి, ప్రారంభించబోయే నాయకుడి పేరు బంగారు రంగు అక్షరాలతో చెక్కించారు. దానికి ఒక తెర, గుమ్మానికి ఒక రిబ్బను, తలుపుకు ఒక తాళం. తాళంచెవి నా టేబులు సొరుగులో, సుద్దముక్కల డబ్బా పక్కన ఉండేది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా దగ్గర పూజారిని నేనే. మొదటి తేదీకి నాయకుడికి జ్వరం వచ్చింది. రెండో తేదీ శూన్యమాసంలో పడిందని చైర్మను ఒప్పుకోలేదు. మరుగుదొడ్డికి కూడా ముహూర్తం చూసే ఊరు లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది. మూడో తేదీ కుదిరేసరికి ఎన్నికలు వచ్చాయి. ఎన్నికల తరవాత రాతి మీద పేరున్నాయన ఓడిపోయాడు. కుప్పం నుంచి ఇంకో రాయి తెప్పించాల్సి వచ్చింది. ఆ రాయి దించుతున్న రోజు నర్సమ్మ అక్కడే ఉంది. దాన్ని చేత్తో తడిమి, మా కుప్పం రాయి ఎంత నున్నగా ఉందో అని మెచ్చుకుని, లోపల బిడ్డలెప్పుడు కూచుంటారని అడిగింది. నేను విననట్టు బిల్లు మీద సంతకం పెట్టాను. అప్పటికి తాళం వేసి పద్నాలుగు నెలలు.

ఆడపిల్లలు నీళ్ళు తాగడం లేదని ఆమె కనిపెట్టింది మాత్రల వల్ల. రక్తం పట్టడానికి ఇచ్చే ఎర్రమాత్రలు తన ఎదుటే మింగాలని ఆమె పట్టు. మగపిల్లలు మాత్ర వేసుకుని లోటాడు నీళ్ళు తాగి పరిగెత్తేవాళ్ళు. ఆడపిల్లలు మాత్రను నాలుక మీద పెట్టుకుని, గుటక వేసి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే అట్లాగే నిలబడేవాళ్ళు. నర్సమ్మ పోయి వాళ్ళ వరండాలో నీళ్ళకుండ మూత తీసి చూసింది. పొద్దున నింపింది నింపినట్టే ఉంది. మరుసటి నెలా అంతే. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగితే అందరిదీ ఒకటే జవాబు. ఇంటికి పోయి తాగుతాం అన్నారు.

వాళ్ళల్లో రెడ్డెమ్మ అని తొమ్మిదో తరగతి పిల్ల. సదుం వైపు ఒక చిన్న పల్లె నుంచి నడిచి వచ్చేది. ఇంట్లో బయల్దేరింది మొదలు మళ్ళీ ఇల్లు చేరేదాకా తొమ్మిది పది గంటలు. ఆ పిల్ల ఒకరోజు ప్రార్థనలో నడుం పట్టుకుని కూలబడింది. ఒళ్ళు కాలిపోతోంది. నేను ఎండదెబ్బ అన్నాను. నాకు తెలిసిన జబ్బు అదొక్కటే. నర్సమ్మ రెప్ప లాగి చూసింది, కడుపు నొక్కి చూసింది, ఆ పిల్లను బస్సెక్కించి మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయింది. రెండు రోజులు అక్కడే మంచం పక్కన కూర్చుంది. నీళ్ళు తాగక, మూత్రం ఆపుకోవడం వల్ల లోపల పుండ్లు పడ్డాయని, ఇట్లాగే సాగితే మూత్రపిండాలకే మోసమని డాక్టరు చెప్పాడు. మాత్రలు రాసిచ్చి, నీళ్ళు బాగా తాగమన్నాడు. ఇంతకంటే చవకైన మందు లోకంలో లేదు. మా బడిలో అది దొరకలేదు.

రెడ్డెమ్మ తండ్రి టమోటా తోటల్లో కూలి. బిడ్డ బతికుంటే చాలు, చదువు వద్దన్నాడు. నర్సమ్మ మూడుసార్లు వాళ్ళ పల్లెకు పోయింది. నాలుగోసారి ఆయన ఒక మెట్టు దిగి, బడిలో ఆ రూము తెరిస్తే పంపిస్తానన్నాడు. ఆమె తెరిపిస్తానని మాటిచ్చి, అక్కణ్ణుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"తాళంచెవి ఇయ్యండి సార్."

నేను కుర్చీ చూపించాను. కూర్చోలేదు. ప్రారంభోత్సవం కాకముందే తెరిస్తే దాతలను అవమానించినట్టవుతుందని, కమిటీ తీర్మానం కావాలని, ఇంకో పదిహేను రోజులు ఓపిక పడితే ఆరోగ్య దినోత్సవం నాడే నాయకుడు వస్తున్నాడని చెప్పాను. నిబంధనలు చెప్పేటప్పుడు నా గొంతు చాలా బాగుంటుందని అప్పట్లో నాకొక నమ్మకం.

ఆమె అంతా విని, "బిడ్డలకి ఒంటికొచ్చేది పెద్దాయన తేదీ సూసి వస్తాదా సార్?" అన్నది. జవాబు కోసం నిలబడలేదు.

ఆ పదిహేను రోజులూ గడిచాయి. ఆరోగ్య దినోత్సవం వచ్చింది. మామిడాకులు, రంగు కాయితాలు, 'ఆరోగ్యమే మహాభాగ్యం' అని గుడ్డ మీద రాసిన బ్యానరు. పదకొండుకు రావలసిన నాయకుడు ఒంటిగంటైనా రాలేదు. కాలక్షేపానికి చైర్మను మాట్లాడాడు, నేను మాట్లాడాను, మళ్ళీ చైర్మను మాట్లాడాడు. ఆయన పిల్లలకు నీళ్ళ విలువ గురించి చెప్పాడు.

రెడ్డెమ్మ ఆ రోజు వచ్చింది. తండ్రి కూడా వచ్చి, తల మీద తువ్వాలు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఈ రోజు తెరుస్తారని నర్సమ్మ చెప్పి పిలిపించింది. గంట గంటకూ ఆయన నర్సమ్మ వైపు చూసేవాడు, ఆమె మరుగుదొడ్డి వైపు చూసేది, తాళం తాళంగానే ఉండేది. చివరికి ఆయన బిడ్డకు లెమ్మని సైగ చేసి, "పోతాండామమ్మా. ఈ బడి ఐవోర్లతో అయ్యేది కాదు" అన్నాడు. ఆ మాట వేదిక మీద నాకు కూడా వినిపించింది.

అప్పుడు నర్సమ్మను మైకు దగ్గరికి పిలిచారు. పరిశుభ్రత మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆమె మైకు పట్టుకుని, "ఈ బడిలో నీళ్ళు తాగే ఆడబిడ్డలు చెయ్యెత్తండి" అన్నది. ఒక్క చెయ్యి లేవలేదు. వేదిక మీద ఎవరో నవ్వారు. ఆమె నవ్విన వైపు చూడలేదు. మెట్లు దిగింది, రెడ్డెమ్మ చెయ్యి పట్టుకుంది, బడి పక్కగా నడిచి మరుగుదొడ్డి దగ్గరికి పోయింది. కింద ఉన్న గుండ్రాయి ఒకటి తీసుకుని తాళం మీద కొట్టింది. నాలుగు దెబ్బలకు ఊడింది. రిబ్బను మాత్రం తెంపలేదు. పైకెత్తి పట్టుకుని, ఆ పిల్లను కింద నుంచి దూరి పొమ్మన్నది.

తరవాత ఏడో తరగతి పిల్ల ఒకతె లేచింది. ఆమె వెనక ఇద్దరు. ఆ వెనక షామియానా కింద ఉన్న ఆడపిల్లల్లో సగం మంది లేచి వరసలో నిలబడ్డారు. ఎవరూ పిలవకుండా, ఎవరూ బెత్తం చూపించకుండా మా బడిలో అంత చక్కటి వరస నేను అంతకు ముందు చూడలేదు. నాయకుడి జీపు సరిగ్గా అప్పుడే గేటులోకి వచ్చింది. ఆయన ఆ వరస తన స్వాగతానికే అనుకుని, దిగుతూనే చేతులు జోడించి అటు నడిచాడు. చైర్మను కత్తెర ఉన్న పళ్ళెం పట్టుకుని వెనకాల పరుగు. గుమ్మం దగ్గర నర్సమ్మ అడ్డంగా నిలబడి, "రవ్వంతసేపు ఆగండి సార్. లోపల బిడ్డలుండారు" అన్నది.

ఆయన ఆగాడు. రాజకీయాల్లో ఉన్నవాడు గనుక మా అందరికన్నా త్వరగా తేరుకున్నాడు. ఇద్దరు పిల్లలు బయటికి వచ్చాక, మూడో పిల్ల లోపలికి పోయేలోగా, రిబ్బను కత్తిరించి ఫోటో దిగి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర రెడ్డెమ్మ తండ్రి తువ్వాలు తీసి భుజాన వేసుకుని, బిడ్డను అక్కడే వదిలి, ఒంటరిగా ఇంటికి నడిచాడు. ఆ పిల్ల మరుసటి రోజు బడికి వచ్చింది. ఆ పైరోజు కూడా.

చైర్మనుకు మాత్రం ముఖం చెల్లలేదు. ఆ వారంలోనే నన్ను మండీకి పిలిపించి ఫిర్యాదు చెప్పాడు, నేను రాశాను. ప్రజల సొమ్ముతో కట్టిన కట్టడాన్ని ధ్వంసం చేసిందని, ప్రముఖుల ఎదుట అమర్యాదగా నడుచుకుందని ఆయన అన్నాడు. నేను అభ్యంతరం చెప్పలేదు. భాష దిద్దాను. కింద సంతకం పెట్టాను.

పై అధికారులు ఆలోచించి, శిక్షగా ఆమెను కుప్పం అవతల, తమిళనాడు సరిహద్దు పల్లెకు బదిలీ చేశారు. ఆమె సొంతూరు కుప్పమని ఎవరూ ఫైలు తిరగేసి చూడలేదు. శిక్ష వెయ్యడం కూడా మావాళ్ళకు చేతకాదు. పోయే ముందు నాకు చెప్పడానికి వచ్చింది. నా రెప్ప లాగి చూసి, ఈసారి కొంచెం మేలన్నది. ఫిర్యాదు రాసింది నేనని ఆమెకు తెలుసు. ఆ మాట ఎత్తలేదు.

"ఆ రూముకు మళ్ళీ తాళం ఎయ్యొద్దండి సార్. ఆ బిడ్డ నాయనకి నేను మాటిచ్చినా" అన్నది. వెయ్యనన్నాను.

రెండు నెలలు వెయ్యలేదు. తరవాత గదులు కడిగే మనిషి మానేసింది. వాసన వస్తోందని టీచర్లు గోల పెట్టారు. అంతలో పై నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. కమిటీ కడిగించి, మళ్ళీ సున్నం వేయించి, పాతదానికన్నా పెద్ద తాళం కొని తెచ్చింది. తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. మొదట్లో చెప్పిన సర్టిఫికెట్టు ఆ తనిఖీకి వచ్చిందే. అంత శుభ్రమైన మరుగుదొడ్డి వాళ్ళు జిల్లాలో చూడలేదట. వాడకపోతే ఏదైనా శుభ్రంగానే ఉంటుంది. తాళంచెవి మళ్ళీ నా సొరుగులోకి వచ్చింది.

కొన్నేళ్ళు గడిచాయి. నేను రిటైరయ్యాను. ఒక పెళ్ళికని కుప్పం పోయి, బస్టాండులో నిలబడి ఉంటే, ఎవరిదో చెయ్యి పక్కనుంచి వచ్చి నా కంటి రెప్ప లాగింది. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది. జుట్టు తెల్లబడింది, బరువు మాత్రం యాభై రెండే అయి ఉంటుంది. బలవంతాన ఇంటికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. ఫిర్యాదు గురించి ఏదో ఒకటి చెప్పుకుందామని నేను నోరు తెరిచేలోగా ఆమే అడిగింది.

"ఆ బిడ్డ పది రాసిందా సార్?"

నాకు రెడ్డెమ్మ ముఖం గుర్తొచ్చింది. ఏమైందో గుర్తు రాలేదు. గుర్తు లేదని చెప్పడానికి నోరు రాలేదు. "రాసిందమ్మా. పాసయింది" అన్నాను. ఎన్ని మార్కులని అడిగింది. ఫస్టు క్లాసన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు కూడా చెయ్యి వెనక్కి తియ్యకూడదని నా పద్ధతి. ఆమె ముఖం ఎట్లా వెలిగిందో నేను చెప్పలేను. లేచి చెప్పులు వేసుకుని వీధి చివరికి పోయి, మైసూరుపాకు తెచ్చి నా చేతిలో పెట్టింది. తిన్నాను.

ఆ వారమే పుంగనూరు పోయి, అక్కణ్ణుంచి మా పాత బడికి పోయి, రిజిస్టరు తీయించాను. రెడ్డెమ్మ పెద్ద తాళం వేసిన నెలలో పదకొండు రోజులు వచ్చింది. తరవాతి నెలలో మూడు రోజులు. ఆపైన వరసగా గైర్హాజరు. చివర పేరు మీద ఎర్రసిరాతో గీత. పక్కన 'దీర్ఘకాలం రానందున తొలగించడమైనది' అని రాసి సంతకం ఉంది. సంతకం నాది. ఆ రోజు ఎందుకు రావడం లేదని నేను ఎవరినీ అడగలేదు. వాళ్ళ పల్లె బస్సు దిగితే రెండు మైళ్ళు. అయినా కుప్పం పోయి నర్సమ్మకు నిజం చెప్పలేదు. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడానికి బస్సు చార్జీలు పెట్టుకోనక్కర్లేదు కదా.

ఇప్పుడామె పోయింది. మూడో రోజు కుప్పం పోయాను. చెల్లెలు నన్ను వరండాలో కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. అక్కడి పల్లెల్లో ఎవరు ఆడపిల్లను బడి మానిపించినా నర్సమ్మ పోయి రెడ్డెమ్మ కథ చెప్పేదట. జ్వరం వచ్చి, నాయన మానిపించి, మళ్ళీ చేరి, ఫస్టు క్లాసులో పాసైన పిల్ల కథ. ఆ కథ విని తిరిగి చేరినవాళ్ళు ఉన్నారట. ఇద్దరు ఆ వరండాలోనే నిలబడి ఏడుస్తున్నారు.

"పోయే ముందు ఒకటే మాట అనింది సార్. ఆ బిడ్డకి గూడా సెప్పమనింది. యాడుండాదో మీకు తెలిసుంటాదంట" అన్నది చెల్లెలు.

నేను చెబుతానన్నాను. ఈసారి అబద్ధమాడటానికి దారి లేదు.

మరుసటి రోజు పొద్దున సదుం బస్సు దిగి ఆ రెండు మైళ్ళూ నడిచాను. వాళ్ళ పల్లెలో అడిగితే తోట చూపించారు. రెడ్డెమ్మ కోసిన టమోటాలను కాయ కాయా చూసి పెట్టెల్లోకి ఏరుతోంది. ముప్పై కూడా నిండని మనిషి, నలభై దాటినట్టు కనిపించింది. నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. పట్టాక గభాలున లేచి నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుంది.

నర్సమ్మ పోయిందని చెప్పాను. ఆమె అట్లాగే గట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "నేను బడి మానేసింది ఆయమ్మకు తెలుసా సార్?" అన్నది.

తెలియదన్నాను. పది పాసైందని నేనే చెప్పానన్నాను. పేరు కొట్టేసింది, తాళం వేసింది కూడా నేనేనన్నాను. అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె మిగతావి విన్నదో లేదో, పాసైందన్న చోటే ఆగిపోయింది.

"ఎన్ని మార్కులని సెప్పినారు?"

"ఫస్టు క్లాసమ్మా."

"నమ్మిందా సార్?"

"నమ్మింది. అందరికీ చెప్పుకుంది."

ఆమె చేతిలో ఉన్న కాయను చాలాసేపు చూసింది. ఆ ముఖంలో నా మీద కోపం కనిపిస్తే బాగుండునని వెతికాను. కనపడలేదు.

"మంచి పని చేసినారు సార్. తెలిసింటే బాధ పడిండును" అన్నది. నడిచొచ్చారు, కూర్చోండి అని ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి వేసింది. నేను కూర్చోలేకపోయాను.